మొనకు లోపలంటూ ఏమీ ఉండదు: కుట్టు సూదికి కడగడంలోనూ కొలిమిలోనూ వచ్చే చేటు

కుట్లు వేసే వంకర సూదిని 50 రెట్లు పెద్దగా చూపించే మైక్రోస్కోపు కింద పెడితే మామూలు కంటికి అందని సంగతులు బయటపడతాయి. మంచి సూది మొన వడ్లగింజ ముక్కులా క్రమంగా సన్నబడుతూ పోయి, ఎక్కడ ఆగిందో చెప్పలేనట్టు ఆగిపోతుంది. దెబ్బతిన్న మొన అలా ఉండదు. చివర ఒక పక్కకు వాలి, చిన్న కొక్కెంలా ముడుచుకుని ఉంటుంది. ఆ కొక్కెం వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. అయినా సర్జన్ వేళ్లకు తెలిసిపోతుంది. సూది దిగాల్సిన చోట చర్మం ముందు గుంటపడుతుంది, ఇంకాస్త నొక్కితే ఒక్కసారిగా దిగబడుతుంది. పొట్ట చర్మం మీద అయితే ఆ కుదుపుతో పెద్ద నష్టం లేకపోవచ్చు. పేగు మీదో, రక్తనాళం మీదో, కంటి నల్లగుడ్డు మీదో అదే కుదుపు వస్తే కుట్టు పడాల్సిన చోట చిరుగు పడుతుంది.

ఆ కొక్కెం ఎక్కడ పుట్టిందంటే అందరి వేళ్లూ ముందు సానపట్టే యంత్రం వైపే చూపిస్తాయి. కొన్నిసార్లు అది నిజమే. కానీ సాన దగ్గర చక్కగా తేలిన మొన ఆ తర్వాత పాడయ్యే దారులు చాలా ఉన్నాయి. సానపట్టాక సూదిని కడుగుతారు, కాల్చి గట్టిపరుస్తారు, మళ్లీ కడుగుతారు. ఇవి సూదికి చేసే సేవల్లాంటివని, వీటిలో పాడయ్యేదేమీ ఉండదని ఒక నమ్మకం. చిన్న యూనిట్లలో సాన దగ్గర నేర్పున్న మనిషిని పెట్టి, కడిగే తొట్టి దగ్గర నిన్న చేరిన కుర్రాడిని నిలబెట్టేది ఆ నమ్మకంతోనే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వైద్య పరికరాల తయారీ వైపు చూస్తున్నవారు మొట్టమొదట వదులుకోవాల్సింది దీన్నే. ఎందుకో చూడాలంటే కొంచెం లెక్క చేయాలి.

సూది కాండం మందం 0.6 మిల్లీమీటర్లు అనుకుందాం. అంటే 600 మైక్రాన్లు. కొలిమిలో గానీ ఆమ్లంలో గానీ పైపొర 10 మైక్రాన్ల లోతు పాడైతే, కాండం వ్యాసార్ధంలో 30వ వంతు పోయినట్టు. కాండానికి అది లెక్కలోకి రాదు. అదే సూది మొన వైపు వెళ్తే ఒకచోట మందం 20 మైక్రాన్లకు వస్తుంది. అక్కడ ఈ పక్క 10, ఆ పక్క 10 పోతే మిగిలేది సున్న. కాండానికి పైపొర వేరు, లోపలి ఉక్కు వేరు. మొనకు లోపలంటూ ఏమీ లేదు, ఉన్నదంతా పైపొరే. ఏ పుస్తకంలోనైనా ‘ఉపరితల లోపం, చిన్నది’ అని రాసి ఉంటే, సూది మొన దగ్గర దాన్ని ‘పూర్తి నష్టం’ అని చదువుకోవాలి.

ఏ ఉక్కుతో చేశారన్నదాన్ని బట్టి ప్రమాదం మారుతుంది. 1913లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ పోతపోసిన తొలి స్టెయిన్‌లెస్ ఉక్కులో 12.8 శాతం క్రోమియం, 0.24 శాతం కార్బన్ ఉన్నాయి. ఈనాడు 420 రకం అని పిలిచేది దాని వంశమే. దీన్ని కాల్చి చల్లారిస్తే గట్టిపడుతుంది. కార్బన్ వల్ల గట్టిదనం వస్తుంది, కానీ క్రోమియం తక్కువ కాబట్టి తుప్పును తట్టుకునే బలం ఓ మోస్తరే. రెండో వంశం 302, 304 రకాలు. క్రోమియం 18 శాతం దాకా, నికెల్ 8 శాతం పైన. ఇవి కాల్చితే గట్టిపడవు. తీగను చల్లగా ఉండగానే లాగి లాగి సన్నం చేసేటప్పుడే గట్టిదనమంతా వస్తుంది. మూడోది ఏజ్ హార్డెనింగ్ రకం. మెత్తగా ఉండగానే మలిచి, వంచి, ఆపైన సుమారు 500 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు ఉంచితే లోపల కంటికి కనబడని కణాలు ఏర్పడి గట్టిపడుతుంది. ఉన్నట్టుండి చల్లార్చే అవసరం లేదు కాబట్టి వంకర పోదు, పగలదు. ఖరీదు మాత్రం ఎక్కువ.

కడగడం అంటే ఏం పోగొట్టడం

సానపట్టిన సూదికి అంటుకుని ఉన్నవి ఒక్క రకం మురికి కాదు. తీగ లాగినప్పటి సబ్బు పొర ఉంటుంది. గ్రైండింగ్ ఆయిల్ ఉంటుంది. సానరాయి నుంచి రాలిన గరుకు రేణువులు, ఉక్కు పొడి ఉంటాయి. పట్టుకున్నవాళ్ల వేలిముద్రలు ఉంటాయి. రోహిణి కార్తెలో నెల్లూరు షెడ్డులో పనిచేసే మనిషి వేలి నుంచి సూదికి అంటేది ఉప్పునీరే. 420 రకం ఉక్కుకు చెమటలోని క్లోరైడ్ చాలు. ఒక్క రాత్రిలో వేలిముద్ర ఆకారంలోనే తుప్పు మరక తేలవచ్చు. అందుకని చేతి తొడుగు వేసుకోమనేది సూదిని మనిషి నుంచి కాపాడటానికి కూడా.

ఈ మురికితోనే సూది కొలిమిలోకి పోతే ఏమవుతుంది? నూనె కాలి బొగ్గుగా మారుతుంది. ఆ బొగ్గులోని కార్బన్ వేడి ఉక్కులోకి ఇంకుతుంది. ఇంకిన చోట క్రోమియం దానితో కలిసి కార్బైడ్‌గా విడిపోతుంది, చుట్టూ క్రోమియం తగ్గిపోతుంది. తర్వాత ఎంత మెరుగుపెట్టినా ముందు తుప్పు పట్టేది ఆ చోటే. నూనెలో గంధకం, క్లోరిన్ కలిసిన మందులుంటే, గ్రైండింగ్ నూనెల్లో తరచూ ఉంటాయి కూడా, నష్టం ఇంకా త్వరగా జరుగుతుంది. కడగక వదిలిన మురికిని కొలిమి అచ్చు వేస్తుంది. ముందే కడిగి ఉంటే 5 నిమిషాల్లో పోయే జిడ్డు, కొలిమిలోంచి బయటికొచ్చాక ఆమ్లం లేనిదే లొంగదు. ఆ ఆమ్లం ఎక్కడికి దారితీస్తుందో తర్వాత వస్తుంది.

అల్ట్రాసోనిక్ తొట్టి అంటే నీళ్లలో సెకనుకు కొన్ని పదుల వేల సార్లు కంపనాలు పుట్టించడం. నీళ్లలో సన్నని బుడగలు పుట్టి, అణిగి, పేలుతుంటాయి. ఆ పేలుడే మురికిని ఊడబెరుకుతుంది. మంచి పద్ధతి. కానీ సూదుల్ని గుప్పెట్లతో స్టీలు జాలీ బుట్టలో వేసి ఆ తొట్టిలో ముంచితే, ప్రతి సూదీ కంపిస్తూ పక్క సూదినీ జాలీ తీగనూ కొడుతుంటుంది. కడిగినంతసేపూ మొనలు ఇనుము మీద సుత్తి దెబ్బలు తిన్నట్టే. వంకర సూదులైతే ఒకదానిలో ఒకటి దూరి చిక్కుపడతాయి. గాలాలను ఒకే డబ్బాలో పోసి ఊపితే ఏమవుతుందో మైపాడు, కొత్తపట్నం తీరాల్లో పిల్లవాడిని అడిగినా చెబుతాడు. ఆ చిక్కును చేత్తో లాగి విడదీసేటప్పుడు పోయే మొనలు ఇంకొన్ని. 420 రకానికి అయస్కాంత గుణం కూడా ఉంది. గ్రైండర్ మీద అయస్కాంతపు బల్లతో పట్టి ఉంటే ఆ గుణం కొంత మిగిలి, సూదులు గుత్తులుగా అతుక్కుంటాయి, నీళ్లలోని ఉక్కు పొడిని కూడా మొనలకు లాక్కుంటాయి. తొట్టిలో వేసే ముందే అయస్కాంతత్వం తీసేయాలి.

మందు ఒక్కటే: సూదిని కాండం దగ్గర పట్టుకోవాలి, మొనకు ఏదీ తగలకూడదు. ప్లాస్టిక్ పట్టీలోనో సిలికోన్ గాడిలోనో సూదులను దువ్వెన పళ్లలా వరుసగా అమర్చి, ఆ పట్టీనే తొట్టిలోంచి తొట్టికి మార్చాలి. పెద్ద కంపెనీలు సానపట్టే దశ నుంచే సూదులను పట్టీల మీదే నడిపిస్తాయి. చిన్న యూనిట్‌కు మొదట్లో ఇది దండగ ఖర్చులా కనిపిస్తుంది. వెయ్యి సూదులు గుప్పెట్లో పట్టేచోట వంద సూదుల పట్టీలు పది కావాలి, వాటిని అమర్చడానికి మనుషులు కావాలి. ఆ ఖర్చుకు భయపడి బుట్టకే కట్టుబడితే, సాన దగ్గర పెట్టిన ఖర్చంతా బుట్టలో పోసినట్టే. కంపన వేగం సంగతి కూడా ఉంది. 25 కిలోహెర్ట్జ్ (సెకనుకు 25 వేల కంపనాలు) దగ్గర బుడగలు పెద్దవి, దెబ్బ గట్టిది. 40 దగ్గర కొంత నయం. 80, ఆపైన బుడగలు చిన్నవై, మొనను గాయపరచకుండా మురికిని తీస్తాయి. కంటి ఆపరేషన్ల సూదుల్లాంటి సన్నవాటికి, అంటే 0.15 మిల్లీమీటర్ల తీగతో చేసినవాటికి, ఈ తేడా బాగా తెలుస్తుంది.

జిడ్డు తీయడానికి ట్రైక్లోరోఎథిలీన్ ఆవిరి చాలాకాలం వాడారు, ఇప్పటికీ వాడేవాళ్లున్నారు. జిడ్డు బ్రహ్మాండంగా పోతుంది. కానీ అది మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. మనిషి సంగతి అలా ఉండగా సూదికి కూడా అది మంచిది కాదు. తేమ తగిలి, పాతబడి, వేడెక్కితే అది విరిగి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడుతుంది. గాలిలో ఎప్పుడూ తేమ ఉండే కోస్తాలో ఆ ద్రావకాన్ని నెలల తరబడి ఒకే తొట్టిలో ఉంచడమంటే ఉక్కు మీద కనబడని ఆమ్లం చల్లుతూ ఉండటమే. కాస్త క్షారగుణం ఉన్న డిటర్జెంటు, వేడి నీళ్లు, ఓపిక ఉంటే ఆ పని జరిగిపోతుంది.

నీళ్లు

ఈ రెండు జిల్లాల్లో అన్నిటికన్నా ముందు ఆలోచించాల్సింది నీళ్ల గురించి. తీరం వెంబడి బోరు వేస్తే చాలాచోట్ల పడేది ఉప్పునీరు. ఇసకపల్లి ఉప్పు మళ్లు, రొయ్యల చెరువులు ఉన్న నేల అది. పడమటికి పోతే నీళ్లు వేరు రకం. కనిగిరి వైపు ఫ్లోరైడ్ గురించి రాష్ట్రమంతటికీ తెలుసు. సూదికి మాత్రం ఫ్లోరైడ్ కన్నా నీళ్లలోని సున్నం, ఉప్పు ముఖ్యం. గీజరు కాయిల్ మీద తెల్లగా పేరుకునే పొర ఒంగోలు ఇళ్లల్లో చూడనివారుండరు. సూదిని ఆ నీళ్లతో కడిగి ఆరబెడితే అదే పొర సూది మీద చుక్కలుగా దిగుతుంది. మొనలు కిందికి ఉండేలా వేలాడదీసి ఆరబెడితే ఇంకా కష్టం. జారిన నీళ్లన్నీ చివరి బొట్టుగా మొన దగ్గరే నిలబడి, నీరు ఆవిరై, ఉప్పూ సున్నమూ అక్కడే మిగిలిపోతాయి. ఆ చుక్క కొలిమిలోకి పోతే మొన మీదే కాలి అంటుకుంటుంది.

ఊరూరా ఉన్న నీళ్ల ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్లు తెప్పిస్తే సరిపోతుందనుకోవడం ఇంకో పొరపాటు. తాగే ఆర్వో నీళ్లలో లవణాలు తగ్గుతాయి గానీ పోవు. నోటికి రుచి కోసం కొంత ఉంచుతారు కూడా. చివరి కడుగుకు ఆర్వో తర్వాత రెసిన్ గుండా పంపిన అయాన్లు లేని నీళ్లే, అంటే కరిగిన లవణాలు తీసేసిన నీళ్లే కావాలి. నాణ్యత చూడటానికి, నీళ్లు కరెంటును ఎంత పారనిస్తాయో చూపే చిన్న కండక్టివిటీ మీటర్ చాలు. చివరి తొట్టిలో రీడింగ్ సెంటీమీటరుకు 5 మైక్రోసీమెన్లు దాటితే నీళ్లు మార్చాలని గీత పెట్టుకుంటే మేలు. కడిగాక శుభ్రమైన వేడిగాలితో, వీలైతే ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఒకసారి ముంచి, నీటిబొట్టు నిలిచే సందు ఇవ్వకుండా ఆరబెట్టాలి. ఆరిన సూదిని అదేరోజు కొలిమికి పంపాలి. ఈశాన్య రుతుపవనాలు దిగే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరులో గాలి తడిగుడ్డలా ఉంటుంది. ఆ రోజుల్లో కడిగిన సూదులను రాత్రంతా బల్ల మీద వదిలితే, తెల్లారేసరికి వాటి మీద మళ్లీ ఉప్పుతేమ పొర ఉంటుంది.

కొలిమి

కొడవలికి కమ్మరి పాయనం పెట్టడం పల్లెల్లో పెరిగినవారు చూసే ఉంటారు. ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచి తీయడం. ‘పాయనం’ అంటే తాగించడం. ఉక్కు చేత నీళ్లు తాగించడమన్నమాట. ఈ మాట చాలా పాతది. సుశ్రుత సంహితలో శస్త్రాల అధ్యాయంలో ‘పాయనం’ మూడు రకాలని ఉంది: క్షారంలో, నీళ్లలో, నూనెలో. ఎముక కోసేవాటికి క్షారం, కండ కోసేవాటికి నీళ్లు, సిర గుచ్చేవాటికి, స్నాయువు కోసేవాటికి నూనె. ఎక్కువ సున్నితమైన పనికి నెమ్మదిగా చల్లార్చే నూనెను ఎంచుకున్నారు. సూదుల్లో గుండ్రనివి, మూడు అంచులవి, విల్లులా వంగినవి అని మూడు రకాలు కూడా ఆ సంహితలోనే చెప్పారు. ఇంకో ముఖ్యమైన మాట, పదును పెట్టడానికి మినుముల రంగులో ఉన్న నున్నటి రాయి, పెట్టిన పదును నిలపడానికి బూరుగు చెక్క కావాలని. పదును తేవడం ఒక పని, తెచ్చినదాన్ని నిలపడం ఇంకో పని అని అప్పుడే విడివిడిగా చెప్పుకున్నారు.

420 రకం సూదిని సుమారు 1000 నుంచి 1050 డిగ్రీల దాకా కాల్చి, త్వరగా చల్లార్చాలి. సూది సన్నగా ఉండటం ఇక్కడ ఒక వరం. చల్లటి నైట్రోజన్ వాయువు ఊదితే చాలు గట్టిపడుతుంది, నూనెలో ముంచనక్కరలేదు. నూనె వద్దంటే మళ్లీ జిడ్డు కడిగే పనీ ఉండదు. సన్నదనం శాపం కూడా. మొన ఒక్క క్షణంలో వేడెక్కుతుంది, కాండం కాస్త తర్వాత. కొలిమిలో గాలి లీకై కొంచెం ఆక్సిజన్ దూరినా, గోడల నుంచి కొంచెం తేమ ఊరినా, పైపొరలోని కార్బన్ దానితో కలిసి పోతుంది. కార్బన్ పోయిన ఉక్కు గట్టిపడదు. కాండానికి పైన నాలుగు మైక్రాన్లు మెత్తబడితే ఎవరికీ తెలియదు. మొన అంతా మెత్తబడుతుంది. హార్డ్‌నెస్ మీటర్ కాండం మీద పెడితే రీడింగ్ చక్కగా 50 రాక్‌వెల్ (గట్టిదనం కొలమానం) చూపిస్తుంది, సర్టిఫికెట్ వస్తుంది, మొన మాత్రం సీసం ముక్కలా వంగుతుంది. మొదట చెప్పిన కొక్కేనికి ఇదొక జన్మస్థలం. కాండం మీద కొలిచిన గట్టిదనాన్ని మొనకు ఆపాదించడం ఈ పనిలో జరిగే అతిపెద్ద పొరపాటు అనిపిస్తుంది.

అందుకే వాక్యూమ్ కొలిమి గానీ, బాగా ఆరబెట్టిన హైడ్రోజన్, ఆర్గాన్ లాంటి వాయువు నింపిన కొలిమి గానీ కావాలి. ఆ వాయువులో తేమ ఎంత తక్కువంటే, మైనస్ 40 డిగ్రీలకు చల్లబరిచినా మంచు పట్టనంత. మామూలు కొలిమిలో కాల్చి, పైన పట్టిన నల్లపొక్కును తర్వాత ఆమ్లంతో తీద్దామనుకుంటే, ఆ పొక్కు కింద క్రోమియం తగ్గిన పొర కూడా ఉంటుంది. రెండూ తీస్తే మొన మిగలదు, తీయకపోతే తుప్పు మిగులుతుంది. వాక్యూమ్ మరీ ఎక్కువైనా చిక్కే. ఆ వేడికి పైపొరలోని క్రోమియమే ఆవిరై పోతుంది. కొంచెం నైట్రోజనో ఆర్గానో వదిలి అడ్డుకట్ట వేస్తారు.

కుప్పగా పోయడం కొలిమిలోనూ కుదరదు. వాక్యూమ్‌లో గాలి లేదు కాబట్టి వేడి కిరణాల రూపంలోనే చేరాలి. పైన ఉన్న సూదులు కింది సూదులకు నీడ పడతాయి. పైవి కాగిపోతాయి, లోపలివి ఇంకా పచ్చిగా ఉంటాయి. లోపలివి కాగేదాకా ఆగితే పైవాటిలో ఉక్కు స్ఫటికాలు పెరిగి పెళుసుబారతాయి. పైగా అంత వేడిలో శుభ్రమైన ఉక్కు శుభ్రమైన ఉక్కును తాకితే అతుక్కునే ప్రమాదం ఉంది. విడదీస్తే మొన ఊడుతుంది. సెరామిక్ పళ్లెంలో గాళ్లు చేసి, ఒకే వరుసలో, ఒకదానికొకటి తగలకుండా పరచాలి.

చల్లారిన సూది గాజులాంటిది. వెంటనే టెంపరింగ్, అంటే పెళుసుదనం తగ్గేలా తక్కువ వేడిలో మళ్లీ కాల్చడం, చేయాలి. 150 నుంచి 370 డిగ్రీల మధ్య ఎక్కడ ఆపాలన్నది సూది పనిని బట్టి ఉంటుంది. 425 నుంచి 565 మధ్య మాత్రం పోకూడదు, అక్కడ పెళుసుదనమూ వస్తుంది, తుప్పు తట్టుకునే గుణమూ తగ్గుతుంది. సర్జన్‌కు కావాల్సింది విరిగే ముందు వంగే సూది. వంగిన సూదిని పారేసి ఇంకోటి తీసుకుంటారు. విరిగిన ముక్క లోపల ఉండిపోతే ఆపరేషన్ ఆపి ఎక్స్‌రేలో వెతకాలి. ఇక సూది వెనక కొస సంగతి. దారం ఎక్కించే అడ్డ బెజ్జం లేని సూదిలో, దారాన్ని వెనక కొసలో నిలువుగా తొలిచిన రంధ్రంలోకి దూర్చి, చుట్టూ నొక్కి బిగిస్తారు. ఆ కొస కూడా మొనంత గట్టిగా ఉంటే నొక్కగానే పగులుతుంది. కాబట్టి దాన్ని విడిగా మెత్తబరచాలి. రెండు సెంటీమీటర్ల సూదిలో మొన గట్టిగా, నడుము వంగేలా, కొస మెత్తగా, మూడు స్వభావాలు ఉండాలన్నమాట.

హార్డెనింగ్ పనిని చెన్నైకి జాబ్‌వర్క్‌గా ఇవ్వడం నెల్లూరు నుంచి సులువే, హైవే మీద నాలుగు గంటల లోపే. కానీ సూదులను సంచిలో పోసి లారీలో పంపితే దారి పొడవునా అవి ఒకదాన్నొకటి పొడుచుకుంటూ పోతాయి. అక్కడ మరో కంపెనీ గేర్లు, బోల్టులు జిడ్డుతో సహా కాల్చిన కొలిమిలోనే వీటినీ పెట్టవచ్చు. ఆ కొలిమి గోడలకు పట్టిన నూనె ఆవిరి సూదుల మీదికి వస్తుంది. పట్టీలతో సహా పంపడం, ఖాళీ కొలిమిని ఒకసారి కాల్చి శుభ్రం చేశాకే మన సరుకు పెట్టాలని రాతపూర్వకంగా అడగడం తప్పనిసరి. అసలు కొత్తగా మొదలుపెట్టేవారు 420 జోలికి పోకుండా, గట్టిగా లాగిన 302 లేదా 304 తీగతో మొదలుపెట్టడమే తెలివైన పని. 1000 డిగ్రీల కొలిమి గొడవే ఉండదు, ఉప్పుగాలినీ 420 కన్నా బాగా తట్టుకుంటుంది. బలంలో ఏజ్ హార్డెనింగ్ రకానికి తూగదు, నిజమే. చర్మం కుట్టే సాధారణ సూదులకు సరిపోతుంది.

గట్టిపడ్డాక మళ్లీ కడగడం

కొలిమి దాటిన సూదికి ఆమ్లం అంటే వేరే ప్రమాదం. మెత్తటి ఉక్కును ఆమ్లంలో ముంచితే పైన కరుగుతుంది, అంతే. గట్టిపడ్డ 420ని ముంచితే ఆమ్లం, ఉక్కు కలిసినచోట పుట్టే హైడ్రోజన్ పరమాణువులు లోపలికి దూరి ఉక్కును పెళుసుబరుస్తాయి. సూది అప్పటికి బాగానే ఉంటుంది. పరీక్షలో కూడా నెగ్గవచ్చు. దారం బిగించి, ప్యాక్ చేసి, నెల తర్వాత విప్పినప్పుడు, సర్జన్ వంచీ వంచకముందే పుటుక్కుమనవచ్చు. కొలిమికి ముందు సరిగ్గా కడగకపోతే వచ్చే అసలు శిక్ష ఇదే. కాలిన జిడ్డు తీయడానికి ఆమ్లం కావాలి, ఆమ్లంతో హైడ్రోజన్ వస్తుంది. ఆమ్లం వాడక తప్పకపోతే ఆలస్యం చేయకుండా, కొద్ది గంటల లోపే, సుమారు 200 డిగ్రీల దగ్గర చాలాసేపు ఉంచి హైడ్రోజన్‌ను తరిమేయాలి. కరెంటుతో శుభ్రం చేసేటప్పుడు కూడా సూదిని రుణధ్రువం చేస్తే హైడ్రోజన్ దాని మీదే పుడుతుంది. ధనధ్రువం చేయాలి.

ఎలక్ట్రో పాలిషింగ్‌లో సూది ధనధ్రువమే. గంధకామ్లం, ఫాస్ఫారిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో ముంచి కరెంటు పంపితే ఉక్కు పైపొర కరిగి ద్రావణంలోకి పోతుంది. ఎత్తుగా, సన్నగా ఉన్నచోట కరెంటు గుమిగూడుతుంది కాబట్టి సాన వదిలిన బర్‌లు, అంటే అంచున మిగిలే సన్నని ఉక్కు ముళ్లు, ముందు కరుగుతాయి. అది కావాల్సిందే. బర్ అయిపోయాక అన్నిటికన్నా సన్నగా మిగిలేది మొన. ఇక కరిగేది అదే. కొన్ని సెకన్లు ముందు ఆపితే బర్ మిగులుతుంది, కొన్ని సెకన్లు ఎక్కువైతే మొన పొట్టిదై గుండ్రబడుతుంది. వేసవి సాయంత్రాల్లో వోల్టేజీ పడిపోయే చోట, కరెంటును స్థిరంగా ఉంచే రెక్టిఫైయర్ లేకుండా గడియారం చూసి ఆపుదామంటే ఉదయం బ్యాచ్ ఒకలా, సాయంత్రం బ్యాచ్ ఒకలా వస్తాయి. చీమకుర్తి గ్రానైట్ పాలిషింగ్‌లో ఒక నంబరు రాయి దాటేస్తే ఆ గీత చివరిదాకా మిగిలినట్టే, సాన గీతలు లోతుగా ఉంటే ఎలక్ట్రో పాలిషింగ్ వాటిని దాచలేదు. సాన చివరి విడత సూది పొడవునే సాగాలి, అడ్డంగా కాదు.

తర్వాత పాసివేషన్. పైన క్రోమియం ఆక్సైడ్ పొర గట్టిపడేలా నైట్రిక్ లేదా సిట్రిక్ ఆమ్లంలో కాసేపు ఉంచడం. 420 రకాన్ని జిడ్డుతోనో ఉప్పుతోనో నైట్రిక్‌లో వేస్తే మెరవడానికి బదులు నిమిషాల్లో బూడిద రంగుకు తిరుగుతుంది. దాన్ని ఆపడానికి నైట్రిక్‌లో డైక్రోమేట్ అనే క్రోమియం లవణం కలపడం పాత పద్ధతి. డైక్రోమేట్ విషం. కాలువలోకి పోతే రొయ్యల చెరువులకూ తాగేనీటికీ చేరుతుంది. ఈ ప్రాంతానికి సిట్రిక్ ఆమ్లమే తగినది. ఎలక్ట్రో పాలిషింగ్ తొట్టి అడుగున పేరుకునే క్రోమియం, నికెల్ మడ్డిని మాత్రం ప్రమాదకర వ్యర్థంగానే లెక్కగట్టి అప్పగించాలి. చివరగా సిలికోన్ పూత. దాంతో సూది వెన్నలో దిగినట్టు దిగుతుంది, మొద్దు మొనకు కూడా మొదటి రెండు కుట్లు మంచిపేరు తెస్తుంది. పదో కుట్టుకు పూత అరిగి, లోపలి మొన సంగతి తెలుస్తుంది. కాబట్టి గుచ్చే పరీక్ష పూతకు ముందు ఒకసారి, పూత తర్వాత ఒకే సూదితో పదిసార్లు చేయాలి.

ఆసుపత్రుల్లో మళ్లీ మళ్లీ వాడే బెజ్జం సూదులకూ ఇదే వర్తిస్తుంది. బ్లీచింగ్ ద్రావణంలో నానబెట్టిన సూది శుభ్రంగా కనిపించినా క్లోరిన్ దాని మొనను తినేసి ఉంటుంది. ట్రేలో మిగతా కత్తెరలతో కలిపి వేస్తే మొద్దుబారుతుంది.

ఇక డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి? అందరూ మొదట కొలిమి కొటేషన్ తెప్పిస్తారు. క్రమం తిరగేయాలి. ముందు అయాన్లు లేని నీళ్ల ఏర్పాటు, తర్వాత సూదిని మొన తగలకుండా పట్టే పట్టీలు, మంచి మైక్రోస్కోపు, ఆ తర్వాతే కొలిమి. మైక్రోస్కోపు వచ్చిన రోజే ఒక పని చేయవచ్చు. సాన దగ్గర నుంచి పది సూదులు తీసి, ప్రతిదానికీ నంబరు ఇచ్చి, మొన ఫొటో తీయాలి. అవే పది సూదులను తొట్టి దాటాక మళ్లీ ఫొటో తీయాలి. ఆరబెట్టాక, కొలిమి దాటాక, పాలిషింగ్ దాటాక మళ్లీ. పక్కపక్కన పెడితే కొక్కెం ఏ ఫొటోలో మొదట కనిపించిందో తెలిసిపోతుంది. మూడో నంబరు సూది తొట్టి ముందు నిటారుగా ఉండి, తొట్టి తర్వాత ఎడమకు వాలి ఉంటే, మరుసటి రోజు మార్చాల్సింది సానరాయిని కాదు, బుట్టను.